తీగ చెప్పిన మాట

నరాల ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా
ఫిబ్రవరి 11

వదినగారికి నమస్కారాలు.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకండి. ఫోనులో చెబుదామంటే పక్కనే మీ తమ్ముడు, ఆయన పక్కన నర్సు. పైగా నా నోట్లోంచి మాట వచ్చేలోపే కళ్ళల్లోంచి నీళ్ళొస్తున్నాయి. ఇంటికెళ్ళినా ఉన్నవి రెండు గదులు, ఆయనకి చెవులు నాలుగు. ఇక మన కబుర్లన్నీ కాగితం మీదే.

ఈ రోజు పొద్దున ఆయన తలలోకి కరెంటు వదిలారు. వణుకు జబ్బుకి ఆపరేషను అయిన దగ్గర్నుంచీ మూడు వారాలుగా మెదడులో ఆ రెండు తీగలు, గుండెకి పైన చర్మం కింద ఆ బ్యాటరీ ఊరికే పడున్నాయి. డాక్టరమ్మ చేతిలో సెల్‌ఫోనంత యంత్రం పెట్టుకుని "ఒకటి... ఒకటిన్నర..." అంటూ పెంచుతూ పోయింది. రెండున్నర దగ్గర ఆయన కుడిచెయ్యి నెమ్మదించింది. మూడున్నర దగ్గర ఆగిపోయింది. స్విచ్చి తీసేస్తే ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఎలా నిలబడతాయో, అలా నిలబడింది. పదకొండేళ్ళు, వదినగారూ! పదకొండేళ్ళుగా ఆ చేతికి నేను గ్లాసు పట్టాను, చొక్కా గుండీలు పెట్టాను, గడ్డం గీశాను. అది ఆగితే ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను.

డాక్టరమ్మ కాగితం ఇచ్చి ఏదో ఒక గీత గియ్యమంది. ఆయన కోటు చంక వంపు గీశారు. పెన్సిలు ఎత్తకుండా, ఒక్క ఊపులో. "ఇంత శుభ్రంగా చంక కోసే కటింగ్ మాస్టర్ ఈ ఊళ్ళో ఇంకొకడు ఉంటే చూపించండి" అన్నారు. ఆవిడ నవ్వింది. నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

తలలో రంధ్రాలు పెడతారంటే నేను ఒప్పుకోలేదు. "ముప్పై ఒక్కేళ్ళుగా ఆసుపత్రిలో బతుకుతున్నాను, నా మాట విను" అని మీరే పట్టుబట్టారు. విన్నందుకు ఈ రోజు నాకు మనిషి దక్కాడు.

మీ మరదలు


ప్రసూతి ఆసుపత్రి, నర్సుల క్వార్టర్సు
ఫిబ్రవరి 20

అమ్మాయీ,

నీ ఉత్తరం డ్యూటీ రూములో గట్టిగా చదివి అందరికీ వినిపించాను. కొత్తగా చేరిన పిల్లనర్సులు చప్పట్లు కొట్టారు. మా నాన్న పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ వాడికి అక్కనీ నేనే, నాన్ననీ నేనే. వాడు మళ్ళీ కత్తెర పడతాడంటే ఈ ఉద్యోగంలో పెద్ద సిస్టరు అని పిలిపించుకున్న రోజు కన్నా ఎక్కువ సంతోషంగా ఉంది.

బ్యాటరీ ఛార్జింగు మర్చిపోకు. మందులు ఎంత తగ్గించమన్నారో అంతే తగ్గించు, నీ సొంత తెలివి వాడకు. కొత్తలో కాస్త హుషారు ఎక్కువ ఉంటుంది, కంగారు పడకు. ఏ సందేహం వచ్చినా ముందు నాకు రాయి, తర్వాతే డాక్టరు.

అక్క లాంటి
నీ వదిన


మునిసిపల్ లైబ్రరీ, చదివే గది
ఏప్రిల్ 6

వదినగారికి,

ముందు మీకే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మీ తమ్ముడు మళ్ళీ పాత దుకాణంలో చేరారు. రోజుకి అయిదు కోట్లు కోస్తున్నారు. నిద్ర తక్కువ, పాటలు ఎక్కువ. మొదట్లో నాకూ ముచ్చటగానే ఉండేది. ఒక పెద్దమనిషికి కొలతలు తీస్తూ "ఈ పొట్టకి కోటు కాదండీ, గుడారం కుట్టించుకోవాలి" అన్నారట. దుకాణం ఓనరు నవ్వి ఊరుకున్నాడు. మేడ మీది ముసలాయన పోతే పలకరించడానికి వెళ్ళాం. ఏడుస్తున్న ఆవిడతో ఈయన "ఇక మీకు గురక బాధ వదిలిందిలెండి" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను. మెట్ల మీద "తప్పేముంది? ఆవిడే కదా రోజూ చెప్పేది" అంటూ నవ్వుతున్నారు. ఎవరికో నొప్పి తగిలిందన్న సంగతే ఆయన దాకా వెళ్ళడంలేదు.

నిన్న మధ్యాహ్నం భోంచేస్తూ, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా అన్నారు:

"నేను నీ దగ్గర్నుంచి పంతొమ్మిదేళ్ళ కిందటే వెళ్ళిపోవాల్సినవాణ్ణి, తెలుసా? నాటకాల కంపెనీలో దుస్తుల మాస్టర్ ఉద్యోగం వచ్చింది. పెట్టె కూడా సర్దుకున్నాను."

"ఎందుకు వెళ్ళలేదు మరి?" అన్నాను.

చెప్పారు. అది రాయడానికి నాకు చెయ్యి రావడంలేదు.

మీ తమ్ముడు ఇరవై రెండేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. కూర మాడితే మాడిందని కూడా అనలేదు. ఆ మనిషి ఎక్కడికి పోయాడో, ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో నాకు అర్థం కావడంలేదు. మీకు తెలియనిది లేదు కాబట్టి అడుగుతున్నాను. అప్పట్లో ఆయన ఊరు వదిలి పోతానని మీకేమైనా రాశారా? లేక ఇదంతా తలలో తీగ మాట్లాడిస్తోందా?

మీ మరదలు


నర్సుల క్వార్టర్సు
ఏప్రిల్ 15

వెర్రిదానా,

ఏ నాటకాల కంపెనీ? ఏ పెట్టె? వాడు ఈ అక్కకి చెప్పకుండా చెప్పులు కూడా కొనుక్కోలేదు ఎప్పుడూ. అలాంటిదేమైనా ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా?

మెదడుకి దెబ్బ తగిలినా, తీగ పెట్టినా, ఒక్కోసారి అది లేనివి ఉన్నట్టు అల్లేస్తుంది. అబద్ధమాడుతున్నామని వాళ్ళకే తెలియదు. ఒట్టు వేసి మరీ చెబుతారు. ఇలాంటివి ఎన్ని చూశాను! కడుపు విషయంలో కూడా వాడు ఏం వాగినా చెవిన పెట్టకు. పరీక్ష చేసినదాన్ని నేను. నిలిచింది, నిలిచినన్నాళ్ళు నిలిచి పోయింది. నీ దురదృష్టం అంతే. అది లేదనడానికి వాడెవడు?

ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఈ ఉత్తరం చూపించు. హెడ్ నర్సు రాసిందని చెప్పు, వాళ్ళు పట్టించుకుంటారు. కరెంటు తగ్గిస్తే నీ మొగుడు నీకు తిరిగొస్తాడు.

నీ వదిన


మునిసిపల్ లైబ్రరీ
మే 9

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. డాక్టరమ్మ మీ ఉత్తరం రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకుంది. "జరగనివి జరిగినట్టు చెబుతున్నారంటే కరెంటు ఎక్కువైనట్టే. కానీ తగ్గిస్తే వణుకు కొంత వెనక్కి వస్తుంది. ఆయన ఒప్పుకోవాలి" అంది.

ఆయన ఒప్పుకోలేదు. బల్ల మీద రెండు చేతులూ పరిచి పెట్టి, "చూడండి, వణుకుతున్నాయా? ఇవి నా చేతులు. పదకొండేళ్ళ తర్వాత నాకు దొరికాయి. ఆవిడకి నా మాటలు నచ్చలేదని నా చేతులు పీకేస్తారా? నేను చెప్పింది ప్రతిదీ నిజం" అన్నారు.

"మెషిను తగ్గించి కూడా ఒకసారి అడగాలి. అప్పుడు కూడా వద్దంటే మానేద్దాం" అంది డాక్టరమ్మ.

తగ్గించింది. ముందు బొటనవేలు కదిలింది. తర్వాత చెయ్యి, తర్వాత భుజం. గంటలోపే మొహం జారిపోయింది. అప్పుడు నన్ను చూశారు, వదినగారూ. మూడు నెలల్లో మొదటిసారి నా మొహంలో ఏముందో చూశారు. "నిన్ను చాలా ఏడిపించాను కదూ. తగ్గించెయ్యమను. నాకు ఏదైనా ఫరవాలేదు" అన్నారు. సంతకం పెట్టారు. వానపాము పాకినట్టు ఉంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇద్దరు మనుషులు రెండు మాటలు చెప్పారు. మీరేమంటారు?" అంది. ఈ మనిషి మాటే వినమన్నాను.

ఇప్పుడు రెండు మీద ఉంచారు. దుకాణానికి మళ్ళీ వెళ్ళలేదు. నాలుగో రోజున ఓనరే వచ్చి ఆయన కత్తెర, టేపు ఒక సంచిలో వేసి ఇచ్చి వెళ్ళాడు. గుండీలు మళ్ళీ నేనే పెడుతున్నాను. మీతో దాచడమెందుకు, నాకు హాయిగా ఉంది. ఆయనకి నేను కావాలి. ఇలా అనుకోవడం పాపమేమో తెలియదు, కానీ అనుకుంటున్నాను.

నిన్న అడిగాను, "ఆ నాటకాల కంపెనీ సంగతి నిజమేనా?" అని. "మెషిను వాగింది, మర్చిపో" అన్నారు. నేల చూస్తూ అన్నారు.

మీ మరదలు


నర్సుల క్వార్టర్సు
మే 20

బంగారుతల్లికి,

ఇన్నాళ్ళకి నా మనసు కుదుటపడింది. మంచి పని చేశావు. చేతులదేముంది, ఇంటి పట్టున మనిషి ఉన్నాడు, అది చాలదూ? ఆగస్టు నెలాఖరుకి నేను రిటైరవుతాను. అప్పుడు వచ్చి నెలరోజులు నీ దగ్గరే ఉంటాను. నీకూ కాస్త చేతిసాయం.

ఒక్క మాట. నేను రాసిన ఆ ఉత్తరం ఫైల్లో ఉందన్నావు కదా. అది అడిగి తెచ్చి చింపెయ్యి. మన ఇంటి విషయాలు ఆసుపత్రి కాగితాల్లో ఎందుకు? ఎవరెవరో చదువుతారు.

ప్రేమతో
నీ వదిన


ఇల్లు
జూన్ 14

పెద్ద సిస్టరు గారికి,

ఇంటి దగ్గరే కూర్చుని రాస్తున్నాను. ఆయన ఎదురుగానే ఉన్నారు. ఇక దాచేదేమీ లేదు.

మీరు చెప్పినట్టే ఉత్తరం అడిగి తెచ్చుకున్నాను. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, చింపే ముందు ఒకసారి చదివాను. తర్వాత మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఏప్రిల్‌లో నేను మిమ్మల్ని అడిగింది ఒక్కటే: ఆయన ఊరు వదిలి పోతానన్నారా అని. ఆయన ఎందుకు ఆగిపోయారో నేను రాయలేదు. రాస్తే అది నిజమైపోతుందని భయపడి, కావాలనే రాయలేదు. నా ఉత్తరంలో కడుపు అన్న మాట లేదు. బిడ్డ అన్న మాట లేదు. మరి మీ జవాబులోకి అది ఎలా వచ్చింది? ఆయన ఏం చెప్పి ఉంటారో మీకు ఎలా తెలిసింది?

ఆ రోజు మీ ఉత్తరంలో ఆ వాక్యాలు చదివి ఆనందంతో ఏడ్చాను. నా బిడ్డ నిజమేనని మీరు రాశారు కదా అని. అది నేను అడగని ప్రశ్నకి జవాబు అని తట్టలేదు. తట్టకూడదనే అనుకున్నానేమో.

ఆయన భోంచేస్తూ చెప్పింది ఇప్పుడు రాస్తున్నాను. "బిడ్డా లేదు, ఏమీ లేదు. నన్ను ఆపడానికి అక్క చెప్పిన మాట అది. అమ్మ పోయిన రోజు అక్కే నాకు చెప్పింది. నువ్వు అంత ఏడ్చినదానివని నీకు చెప్పలేదు" అన్నారు. ఉప్పు అందుకున్నారు.

నిన్న చేతిలో పని పక్కన పెట్టి ఆయన ముందు కూర్చుని మళ్ళీ అడిగాను. రెండు మీద ఉన్నారు కాబట్టి మెల్లగా, "అక్కని ఏమీ అనకు" అన్నారు.  చెయ్యి మాత్రం బల్లకి కొట్టుకుంటూ ఉంది.

నాకు పిల్లలు లేరు. ఉన్నది ఆ ఒక్కటే. రెండు వారాల పాటు ఆ బిడ్డకి, ఆయన కోయగా మిగిలిన ముక్కలతో చొక్కాలు కుట్టాను. పంతొమ్మిదేళ్ళుగా ఏటేటా దాని వయసు లెక్కపెట్టుకుంటున్నాను. అవునో కాదో రాయండి. అంతకంటే ఏమీ రాయకపోయినా ఫరవాలేదు.


నర్సుల క్వార్టర్సు
జూలై 2

అమ్మాయీ,

లేదు.

పరీక్షలో ఏమీ రాలేదు. నీకు రక్తం తక్కువ, అందుకని నెల తప్పింది. అంతే.

ఇప్పుడు నువ్వు నన్ను ఏమన్నా అను, కానీ ఆ రోజులు ఎలాంటివో ఒకసారి గుర్తు తెచ్చుకో. అమ్మకి మెదడులో నరం చిట్లి సగం మనిషి పడిపోయి అప్పటికి నాలుగు నెలలు. మాట లేదు, తనంతట తాను పక్కకి కూడా ఒత్తిగిల్లలేదు. వాడు ఉద్యోగానికి పోతున్నానని రాశాడు. నిన్ను తీసుకెళ్ళనని, ఇక తిరిగి రానని కూడా రాశాడు. వాడు పోతే నువ్వు మీ పుట్టింటికి పోతావు. అమ్మ నా నెత్తిన పడుతుంది. నాకు అప్పుడే హెడ్ నర్సుగా పేరొచ్చింది. నేను చదువుకున్న చదువంతా, నేను పడ్డ పాట్లన్నీ ఆ మంచం పక్కన పోసెయ్యాలా? నువ్వు పరీక్షకి వచ్చావు. నోట్లోంచి ఒక్క మాట వచ్చింది. ఆ ఒక్క మాటతో అన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి. నెల రోజులు ఆగి పోయిందని చెబుదామనుకున్నాను, ఈలోపే నీకు రక్తం కనబడింది. నువ్వు ఏడ్చిన ఏడుపు చూసి వాడు పెట్టె విప్పేశాడు.

అమ్మని ఏడేళ్ళు చూశావు. ఆ మాట ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటాను. కానీ నీ సంసారం కూడా నిలబడింది కదా? మొగుడు వదిలేసిన మనిషని నిన్నెవరూ అనలేదు కదా?

ఏప్రిల్‌లో వాడి మాట నువ్వు రాసేసరికి నాకు ఒళ్ళు చల్లబడింది. ఇంకొన్ని నెలల్లో రిటైరవుతాను. ముప్పై ఒక్కేళ్ళ పేరు. వాడి నోరు మూతపడాలని రాశాను. నోరు మూస్తే చేతులు పోతాయని నాకు తెలుసు. తెలిసే రాశాను. నీకు కావాల్సింది ఈ మాటే అయితే, ఇదిగో.

డాక్టరుకి చెప్పకు. వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాను.

వదిన


మునిసిపల్ లైబ్రరీ
ఆగస్టు 25

పెద్ద సిస్టరు గారికి,

డాక్టరమ్మకి మీ ఏప్రిల్ ఉత్తరం, జూలై ఉత్తరం రెండూ చూపించాను. వాటిని పక్కపక్కన పెట్టి చదివింది. తర్వాత, "నిజం చెప్పిన మనిషికి అబద్ధానికి వేసే మందు వేశాను నేను" అంది. ఆయన లేనివి అల్లుతున్నారని ఫైల్లో రాసుకున్నదాన్ని ఆవిడే తన చేత్తో కొట్టేసింది.

మళ్ళీ ఆయన్నే అడిగింది. ఆయన నన్ను చూసి, "ఇలాగే ఉంటానండీ. ఆవిడకి తోడుగా ఉంటాను" అన్నారు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా నేను ప్రేమ అనుకున్నది అదే. ఎవరు ఏడుస్తారో అన్న భయం అది.

"నాకు తోడు వద్దు. నా గురించి ఒక్క నిమిషం మర్చిపోండి. మీకేం కావాలి?" అన్నాను.

 చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నారు. చివరికి, "నాకు కత్తెర కావాలి" అన్నారు. రెండు మీద ఉండగా, వణుకుతూ అన్నారు. కాబట్టి అది తీగ మాట కాదు.

వారానికి కాస్త చొప్పున పెంచుతూ మూడు దాటించింది. మూడున్నర దాకా వెళ్ళనవసరం లేదంది. పాత దుకాణం ఓనరు రానివ్వలేదు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పెట్టుకున్నారు. ఒక్క దెబ్బకి నలభై పొరల గుడ్డ కోస్తున్నారు. అక్కడ కొలతలు కాగితం మీద వస్తాయి, ఎదురుగా నిలబడే పొట్టలు ఉండవు. అది అందరికీ మేలే.

నోరు మళ్ళీ మొదలైంది. నేను నవ్వనూ లేదు, ఏడవనూ లేదు. మొన్న ఆదివారం ఇంట్లో బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీస్తుంటే వెళ్ళి చెప్పాను. లైబ్రరీలో పుస్తకాలు అతికించే పని దొరికిందని, ఆడవాళ్ళ హాస్టల్లో గది తీసుకున్నానని, వెళ్ళిపోతున్నానని.

"మంచిది. వెళ్ళేటప్పుడు ఆ కిటికీ వేసి వెళ్ళు. దుమ్ము గుడ్డ మీద పడుతోంది" అన్నారు. తల ఎత్తలేదు.

అది ఆయన మాటా, కరెంటు మాటా అని నేను ఆలోచించలేదు. ఆలోచించకపోవడం ఇదే మొదటిసారి. కిటికీ వేశాను.

మీరు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. నెలరోజులు వచ్చి ఉంటానన్నారు. నెలరోజులు చాలవు. ఇంటి తాళం మేడ మీద ఆవిడ దగ్గర ఉంటుంది. బ్యాటరీ ఛార్జింగు ఆదివారం ఉదయం, రెండు గంటలు ఆయన్ని కదలనివ్వకూడదు. పాటలు పాడనివ్వండి, కూర్చుంటారు. మర్చిపోతే బ్యాటరీ అయిపోయి వణుకు ఒక్కసారిగా మీద పడుతుంది, అప్పుడు ఆయన చేతిలో కత్తెర ఉంటుంది. మందుల చీటీ వంటగది తలుపు వెనక అంటించాను. గుండీలు ఆయనే పెట్టుకుంటారు. అడక్కుండా చెయ్యి వెయ్యకండి, విసుక్కుంటారు.

మీ ముందు కూర్చుని భోంచేస్తూ మిమ్మల్ని కూడా ఏదో ఒకటి అంటారు. అమ్మ గురించి అంటారు, నా గురించి అంటారు, ఆ నాటకాల కంపెనీ గురించి అంటారు. డ్యూటీ ఉందని లేచిపోవడానికి ఇక డ్యూటీ ఉండదు మీకు. కూర్చుని వినండి. డాక్టరమ్మకి మాత్రం ఉత్తరం రాయకండి. హెడ్ నర్సు మాట ఆవిడ ఇక నమ్మదు.

నా హాస్టలు అడ్రసు ఈ కవరు మీద వెయ్యడంలేదు.